జర్మనీలో అసైలం రిజెక్ట్ అయ్యాక డుల్డుంగ్ ఎలా పొడిగించుకోవాలి

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, డుల్డుంగ్ వచ్చే వారం అయిపోతోంది, ఆఫీసులో టెర్మిన్ దొరకట్లేదు, ఏం చేయాలి?" డుల్డుంగ్ అంటే అసైలం (ఆశ్రయం) రిజెక్ట్ అయినవాళ్ళని పంపడం ప్రస్తుతానికి ఆపామని ఇచ్చే కాగితం, టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్, ఆఫీసంటే విదేశీయుల ఆఫీసు. చాలామంది ఇది డేట్ అయిపోయాక అడుగుతారు, అదే నా బాధ. అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తున్నా. నేను లాయర్‌ని కాదు, కొన్నేళ్ళుగా మనవాళ్ళతో పాటు ఆఫీసులకి వెళ్ళి పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని అంతే.

మనవాళ్ళు ఇందులోకి ఎలా వస్తారో కూడా చెప్పాలి. చదువుకోడానికి వచ్చి, ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసుకొచ్చిన డబ్బులు అయిపోయి, పరీక్షలు పోయి, వీసా పొడిగింపు ఆగిపోయి, అప్పుడు ఎవడో ఏజెంట్ "అసైలం వేసెయ్ తమ్ముడూ, రెండేళ్ళు ఎవరూ కదపరు" అంటే నమ్మి వేసినవాళ్ళు ఉన్నారు. నిజంగా ఊళ్ళో ప్రాణభయం ఉండి వచ్చినవాళ్ళూ ఉన్నారు, కులాంతర పెళ్ళి చేసుకుని పారిపోయి వచ్చిన జంటల లాగా. ఎవరు ఎందుకొచ్చినా రిజెక్ట్ అయ్యాక దారి ఒకటే, కాబట్టి ఇక్కడ ఎవర్నీ జడ్జ్ చేయను.

ముందు రిజెక్షన్ లెటర్ సంగతి, ఎందుకంటే ఇది మిస్ అయితే తర్వాత చెప్పేవన్నీ కష్టమైపోతాయి. బామ్ఫ్ (అసైలం కేసులు తేల్చే జర్మన్ ప్రభుత్వ ఆఫీసు) నుంచి వచ్చే నిర్ణయాన్ని బెషైడ్ అంటారు, పసుపు కవర్‌లో వస్తుంది. ఆ కవర్ మీద పోస్ట్‌మన్ చేత్తో డేట్ రాస్తాడు, ఆ డేట్ నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి కవర్ పారేయకండి, లెటర్‌తో కలిపి ఫోటో తీసి పెట్టుకోండి. రిజెక్షన్‌లో రకాలున్నాయి. మామూలు రిజెక్షన్ అయితే కోర్టుకి వెళ్ళడానికి రెండు వారాలు, కోర్టు తేల్చేవరకూ మిమ్మల్ని పంపలేరు, చేతిలో గెష్టాట్టుంగ్ (అసైలం కేసు నడుస్తున్నప్పుడు ఇచ్చే) కార్డే ఉంటుంది. లెటర్‌లో "ఒఫెన్‌సిష్ట్‌లిష్ ఉన్‌బెగ్రుండెట్" అని ఉంటే, అంటే కేసులో అసలు పసే లేదని వాళ్ళు తేల్చేసినట్టు, అప్పుడు వారమే టైమ్. ఆ వారంలో క్లాగె (కోర్టు కేసు) ఒక్కటి వేస్తే చాలదు, దాంతోపాటు ఐలాన్‌ట్రాగ్ అనే అర్జెంట్ పిటిషన్ కూడా వేయాలి, లేకపోతే కేసు నడుస్తున్నా సరే పంపించేయొచ్చు. డబ్లిన్ కేసుల్లో కూడా, అంటే వేరే యూరప్ దేశానికి పంపిస్తాం అన్నప్పుడు, వారమే. 2026 జూన్ 12 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త అసైలం నియమాలు కాబట్టి స్నేహితుడి కేసులో ఎన్ని రోజులిచ్చారు అని చూసుకోకండి, మీ లెటర్ ఆఖరి పేజీల్లో ఎన్ని రోజుల్లో ఏ కోర్టుకి వెళ్ళాలో రాసి ఉంటుంది, మీకు అదే లెక్క.

అసైలం కేసులకి కోర్టు ఫీజు ఉండదు, లాయర్ ఫీజు మాత్రం ఉంటుంది. లాయర్ దొరకలేదని గడువు వదిలేయకండి. ఆ కోర్టులోనే అప్లికేషన్లు రాసుకునే కౌంటర్ ఉంటుంది, బెషైడ్ పట్టుకెళ్తే అక్కడే క్లాగె రాసి తీసుకుంటారు, లాయర్‌ని తర్వాత పెట్టుకోవచ్చు. ఇంకోటి, ఇల్లు మారితే బామ్ఫ్‌కీ కోర్టుకీ ఆఫీసుకీ మూడింటికీ విడివిడిగా కొత్త అడ్రస్ రాయాలి. పాత అడ్రస్‌కి వచ్చిన లెటర్ మీకు అందకపోయినా అందినట్టే లెక్కేస్తారు, ఇలా పోగొట్టుకున్నవాళ్ళని చూశా.

ఇప్పుడు అసలు విషయం. కోర్టులో కూడా ఓడిపోయి, దేశం వదిలి వెళ్ళాల్సిన గడువు కూడా దాటిపోయి, కానీ ఏదో కారణం వల్ల పంపలేని పరిస్థితి ఉంటే ఇచ్చే కాగితం డుల్డుంగ్. రెసిడెన్స్ చట్టంలో 60ఏ సెక్షన్. ఇది వీసా కాదు, పర్మిట్ కాదు, "మిమ్మల్ని పంపడం ప్రస్తుతానికి ఆపాం" అని మాత్రమే అర్థం. వెళ్ళిపోవాల్సిన బాధ్యత అలాగే ఉంటుంది. నెలకో, మూడు నెలలకో, ఆరు నెలలకో ఇస్తారు, ఎంతకిస్తారనేది ఊరిని బట్టీ కేస్ ఆఫీసర్ని బట్టీ మారిపోతుంది. ముఖ్యంగా, డుల్డుంగ్ మీద జర్మనీ బోర్డర్ దాటారంటే అది అక్కడితో చెల్లదు. పక్కనున్న నెదర్లాండ్స్‌లో చుట్టాలింటికి వీకెండ్ వెళ్ళొస్తా అంటే కూడా వద్దు.

పొడిగింపు కావాలంటే పంపలేని కారణం ఇంకా ఉందని చూపించాలి. పాస్‌పోర్ట్ లేకపోవడం ఒక కారణం. ప్రయాణం చేయలేనంత జబ్బు, జర్మన్ పౌరసత్వమో పర్మిటో ఉన్న భార్యా పిల్లలు ఇక్కడ ఉండటం, గర్భంతో నెలలు నిండుతుండటం, స్కూల్లో ఆఖరి సంవత్సరం, ఔస్‌బిల్డుంగ్ (కంపెనీలో పనిచేస్తూ నేర్చుకునే వృత్తి శిక్షణ), ఇవన్నీ వేరే వేరే కారణాలు. మీ డుల్డుంగ్ ఏ కారణం మీద ఇచ్చారో మీకు తెలియాలి, చాలామందికి తెలియదు. కాగితం మీద సెక్షన్ నంబర్ ఉంటుంది చూసుకోండి, అర్థం కాకపోతే కేస్ ఆఫీసర్నే అడగండి, అడగడం తప్పేం కాదు.

టెర్మిన్ విషయానికొస్తే, డేట్ అయిపోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఔస్లెండర్‌బెహోర్డెకి (విదేశీయుల ఆఫీసుకి) రాయండి. ఆన్‌లైన్‌లో స్లాట్ లేకపోతే ఈమెయిల్, ఈమెయిల్‌కి జవాబు లేకపోతే ఫ్యాక్స్ (ఇక్కడ ఫ్యాక్స్ ఇంకా బతికే ఉంది, పంపినట్టు రిపోర్ట్ కూడా వస్తుంది), లేదా లెటర్ తీసుకెళ్ళి ఆఫీసు పోస్ట్ డబ్బాలో వేసి సాక్షిగా ఒక మనిషిని పక్కన పెట్టుకుని ఫోటో తీసుకోండి. అందులో ఎక్కువ కథ వద్దు. పేరు, పుట్టిన తేదీ, ఫైల్ నంబర్, డుల్డుంగ్ ఏ రోజు అయిపోతోంది, పొడిగించమని కోరుతున్నా, కారణం ఫలానా, ఉద్యోగం చేస్తుంటే వర్క్ పర్మిషన్ కూడా అలాగే కొనసాగించమని కోరుతున్నా, టెర్మిన్ ఇచ్చేలోపు డేట్ దాటిపోతే నా డుల్డుంగ్ కొనసాగుతోందని రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంతే. పాత డుల్డుంగ్ కాపీ జతచేయండి.

ఆ ఆఖరి మాట ఎందుకు రాయమంటున్నానంటే, స్టూడెంట్ వీసాకో వర్క్ పర్మిట్‌కో పొడిగింపు అప్లై చేస్తే మధ్యలో ఫిక్షన్ కాగితం (నిర్ణయం వచ్చేదాకా పాతదే చెల్లుతుందని చెప్పేది) ఇస్తారు కదా, డుల్డుంగ్‌కి అలాంటి సదుపాయం లేదు. అప్లై చేశాను కాబట్టి ఆటోమేటిక్‌గా ఉన్నట్టే అనుకోవద్దు. చట్టం ప్రకారం పంపలేని కారణం ఉన్నంతకాలం డుల్డుంగ్ ఇవ్వాల్సిందే, అది మీ హక్కు, కానీ రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి, కంపెనీ హెచ్ఆర్‌కి కూడా చూపించాలి. ఒక తమ్ముడు, రెస్టారెంట్ కిచెన్‌లో పని, టెర్మిన్ దొరకలేదని అయిదు వారాలు గమ్మునున్నాడు, ఎవరికీ మెయిల్ కూడా పెట్టలేదు. డుల్డుంగ్ అయిపోయిందని ఓనర్ చూసుకుని అదే రోజు ఇంటికి పంపేశాడు. ఓనర్ని అనడానికేం లేదు, వర్క్ పర్మిషన్ లేని మనిషిని పెట్టుకుంటే ఫైన్ ఆయనకే. తర్వాత ఆఫీసు పొడిగించింది కానీ ఆ ఉద్యోగం అప్పటికే వేరేవాళ్ళకి పోయింది, జీతం స్లిప్పుల్లో గ్యాప్ వచ్చింది, ఆ గ్యాప్ తర్వాత అతనికి ఎంత అడ్డమైందో కింద చెప్తా.

టెర్మిన్ రోజు ఏం పట్టుకెళ్ళాలి అంటే పాత డుల్డుంగ్, ఫోటో, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం, గత మూడు నెలల జీతం స్లిప్పులు, జాబ్ కాంట్రాక్ట్, జర్మన్ క్లాసుల సర్టిఫికెట్లు, పిల్లలుంటే స్కూల్ సర్టిఫికెట్, డాక్టర్ కాగితాలు, ఎంబసీకి తిరిగిన ఆధారాలు. ఫీజు ఉంటుంది, సోషల్ ఆఫీసు నుంచి సాయం తీసుకుంటుంటే ఆ లెటర్ చూపించి మినహాయింపు అడగండి. వీలైతే జర్మన్ బాగా వచ్చిన మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళండి, పక్కన ఒకరుంటే మాట తీరే వేరేగా ఉంటుంది. కొత్త కాగితం ఇచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. చూడాల్సినవి మూడు. డేట్. పని గురించిన లైను, ముందు పర్మిషన్ ఉంటే కొత్తదాంట్లో కూడా అదే కంపెనీ పేరుతో ఉందో లేదో. ఇంకా "డిపోర్టేషన్ తేదీ తెలియజేయగానే ఇది రద్దు" లాంటి షరతు కొత్తగా చేర్చారా అని. అలాంటి షరతు కనిపిస్తే అది హెచ్చరికే, ఆ రోజే లాయర్‌కి ఫోటో పంపండి. తప్పు ఏదైనా ఉంటే అప్పుడే చెప్తే అయిదు నిమిషాల పని, ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్ళీ టెర్మిన్ కోసం నెల.

అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. ముఖ్యంగా నా ఇష్టంతో వెళ్ళిపోతాను అని రాసి ఉన్నవాటి మీద. "ఇంటికి తీసుకెళ్ళి చదివి ఇస్తాను" అనండి, అంతే, మర్యాదగా.

ఇక పాస్‌పోర్ట్. అందరికీ భయం ఉండేది ఇక్కడే, ఏజెంట్లు పిచ్చి సలహాలు ఇచ్చేదీ ఇక్కడే. "పాస్‌పోర్ట్ దాచెయ్, పేరు మార్చి చెప్పు, పంపలేరు" అంటారు. కొన్నాళ్ళు పంపలేకపోవచ్చు నిజమే, కానీ అప్పుడు మీకొచ్చేది మామూలు డుల్డుంగ్ కాదు, 60బి కింద గుర్తింపు తేలని మనిషి అనే డుల్డుంగ్. దాని మీద పని పూర్తిగా నిషేధం. ఊరు మారలేరు. అన్నిటికన్నా నష్టం ఏంటంటే ఆ కాలం తర్వాత వచ్చే పర్మిట్లకి లెక్కలోకి రాదు, అంటే నాలుగేళ్ళు ఉన్నా లేనట్టే. పైగా ఇండియా జర్మనీ మధ్య 2022 డిసెంబర్‌లో మైగ్రేషన్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి, అందులో వీసాలు పెంచడంతో పాటు ఉండటానికి హక్కు లేనివాళ్ళని గుర్తించి వెనక్కి తీసుకునే విషయం కూడా ఉంది. ఇండియన్ అని తేల్చడం ఇదివరకంత కష్టం కాదు ఇప్పుడు.

60బి పడినవాళ్ళు బయటికి రావచ్చు, ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చని చట్టమే చెప్తోంది. ఎంబసీకో కాన్సులేట్‌కో స్వయంగా వెళ్ళాలి (బెర్లిన్‌లో ఎంబసీ, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్, మ్యూనిక్‌లలో కాన్సులేట్లు), ఫారాలు నింపాలి, వేలిముద్రలివ్వాలి, ఫీజు కట్టాలి. ప్రతి ప్రయాణం ట్రైన్ టికెట్, అపాయింట్‌మెంట్ ప్రింటౌట్, ఎంబసీ వాళ్ళిచ్చిన రసీదు, ఏమీ ఇవ్వకపోతే మీరే డేట్, టైమ్, ఏ కౌంటర్, ఏమన్నారు అని ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఊళ్ళో అమ్మానాన్నలకి చెప్పి పదో తరగతి మెమో, ఆధార్, ఓటర్ కార్డ్, రేషన్ కార్డ్ కాపీలు తెప్పించుకోండి, బర్త్ సర్టిఫికెట్ లేకపోతే తెలంగాణలో మీసేవలో, ఆంధ్రాలో సచివాలయంలో అడిగితే ఎలా తీసుకోవాలో చెప్తారు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్ట్‌లో వెనకుంటుంది, ఈ తేడా చూసి జర్మన్ ఆఫీసర్ ఇద్దరు మనుషులనుకునే ప్రమాదం ఉంది, ఒక లెటర్‌లో ముందే వివరించండి.

కానీ ఒక నిజం దాచను. పాస్‌పోర్ట్ ఇస్తే ఆఫీసు తన దగ్గరే ఉంచుకుంటుంది, దాంతో పంపడం కూడా సులభమవుతుంది. మీ డుల్డుంగ్‌కి పాస్‌పోర్ట్ లేకపోవడం ఒక్కటే కారణమైతే, ఇచ్చిన మర్నాడు ఆ కారణం పోయినట్టే. అందుకని దాచమని కాదు నేను చెప్పేది, ఇచ్చే ముందు లాయర్‌తోనో బెరాటుంగ్ (సలహా) సెంటర్‌తోనో కూర్చుని రెండో కారణం ఏదుందో, ఔస్‌బిల్డుంగ్ కాంట్రాక్టా ఉద్యోగమా కుటుంబమా, ఆ అప్లికేషన్‌తో కలిపి ఇవ్వాలి. పాస్‌పోర్ట్ ఒక చేత్తో, అప్లికేషన్ ఇంకో చేత్తో.

ఎందుకంటే ఊరికే మూడు నెలలకోసారి పొడిగించుకుంటూ పోవడం బతుకు కాదు. డేట్‌కీ డేట్‌కీ మధ్య ఏం సంపాదించుకున్నారన్నదే లెక్క. నా దృష్టిలో పాతికేళ్ళ లోపు వాళ్ళకి బెస్ట్ దారి ఔస్‌బిల్డుంగ్. కనీసం రెండేళ్ళ కోర్సు, నర్సింగ్, ఎలక్ట్రీషియన్, కుక్, హోటల్, ఏదైనా. 60సి కింద కోర్సు పూర్తయ్యేదాకా డుల్డుంగ్ ఇస్తారు, పాసై అదే రంగంలో ఉద్యోగం దొరికితే రెండేళ్ళ అసలు పర్మిట్. 2024 మార్చి నుంచి 16జి అని ఇంకోటి వచ్చింది, అందులో డుల్డుంగ్ కాకుండా నేరుగా పర్మిటే ఇస్తారు, కాకపోతే మీ ఖర్చులు మీరే పెట్టుకోగలగాలి. అప్లికేషన్ కోర్సు మొదలవడానికి ఏడు నెలల ముందు నుంచి తీసుకుంటారు, రిజెక్ట్ అయ్యాక మొదలుపెట్టేవాళ్ళు అంతకుముందు మూడు నెలలు డుల్డుంగ్ మీద ఉండి ఉండాలి, గుర్తింపు తేలి ఉండాలి, పంపించే పని అప్పటికే మొదలై ఉండకూడదు. ఈ ఆఖరి షరతు వల్లే తొందరపడమని చెప్తున్నా, ఫ్లైట్ బుక్ చేశాక కాంట్రాక్ట్ పట్టుకెళ్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కోర్సు మధ్యలో మానేస్తే వేరే చోటు వెతుక్కోడానికి ఒక్కసారి ఆరు నెలలిస్తారు.

ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి 60డి, ముప్ఫై నెలల డుల్డుంగ్. 2022 డిసెంబర్ 31 లోపు జర్మనీకి వచ్చి ఉండాలి, ఏడాదిగా డుల్డుంగ్ ఉండాలి, ఏడాదిగా ఇన్సూరెన్స్ కట్ అయ్యే ఉద్యోగం వారానికి కనీసం ఇరవై గంటలు, ఆ జీతంతో బతకగలగాలి, మాట్లాడటంలో ఏ2 (మొదటి నుంచి రెండో స్థాయి) జర్మన్. ఇందాక చెప్పిన తమ్ముడికి దెబ్బపడింది ఇక్కడే, పదకొండో నెలలో ఉద్యోగం పోయింది. ఇంకా ముందుకెళ్తే 25బి, ఆరేళ్ళు ఉన్నవాళ్ళకి, చిన్న పిల్లలతో ఉంటే నాలుగేళ్ళు, ఎక్కువ భాగం సొంత సంపాదన, ఏ2, జర్మనీ జీవితం గురించిన టెస్ట్. 27 ఏళ్ళ లోపు ఉండి మూడేళ్ళు స్కూలుకి వెళ్ళినవాళ్ళకి 25ఏ. 2022 చివర్లో మొదలైన చాన్స్ పర్మిట్ గురించి ఇంకా అడుగుతుంటారు, దానికి 2022 అక్టోబర్ 31 నాటికే అయిదేళ్ళు ఉండాలి, పైగా ఆ స్కీమ్ 2025 చివరి వరకే, ఇప్పుడు ఎవరైనా అది ఇప్పిస్తామని డబ్బులడిగితే ఇవ్వకండి.

జబ్బు కారణం చూపించేవాళ్ళకి ఒక జాగ్రత్త. "ఈయనకి డిప్రెషన్ ఉంది, ప్రయాణం వద్దు" అని రెండు లైన్ల చీటీ పనికిరాదు. డాక్టర్ ఎలా పరీక్షించారు, ఏం తేలింది, జబ్బు పేరు వైద్య కోడ్‌తో సహా, ఎంత తీవ్రం, పంపిస్తే ఏమవుతుంది, ఏ మందులు అనేవి అన్నీ ఉండాలి. సర్టిఫికెట్ చేతికొచ్చిన వెంటనే ఇవ్వాలి, జేబులో దాచుకుని ఆఖరి నిమిషంలో తీస్తే నమ్మరు. మనవాళ్ళు మనసు బాగోలేదని డాక్టర్‌కి చెప్పుకోడానికే సిగ్గుపడతారు, దయచేసి ముందే వెళ్ళండి, కాగితం కోసం కాకపోయినా మీ కోసం.

ఏ సెక్షన్‌లోనూ ఇమడకపోతే ప్రతి రాష్ట్రంలో హెర్టెఫాల్ కమిషన్ ఉంటుంది, ప్రత్యేక మానవతా కేసులు చూస్తుంది. పంపే తేదీ ఖరారయ్యాక సాధారణంగా తీసుకోరు. కొత్త ఆధారాలు నిజంగా దొరికితే, ఊళ్ళో కొత్తగా కేసు పెట్టడమో దాడి జరగడమో, రెండోసారి అసైలం అంటే ఫోల్గెఆన్‌ట్రాగ్ వేయొచ్చు. పాత కథే మళ్ళీ చెప్పడానికి మాత్రం అది వేయకండి.

పంపే తేదీ మీకు ముందుగా చెప్పరు, గడువు దాటాక చెప్పకూడదని చట్టమే ఉంది. అందుకని లాయర్ నంబర్ ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్ తీసేసుకుంటారు. కాగితాలన్నీ స్కాన్ చేసి నమ్మకమైన స్నేహితుడికి ఒక సెట్ పంపి ఉంచండి.

కొందరికి నేను తిరిగి వెళ్ళమనే చెప్తా, ఇది వినడానికి ఎవరికీ ఇష్టముండదు. ఊళ్ళో ప్రాణానికి ప్రమాదం లేదు, చేతిలో జర్మన్ మాస్టర్స్ ఉంది, ఏజెంట్ మాట విని వేసిన కేసు. అసైలం రిజెక్ట్ అయ్యాక ఇక్కడే ఉండి మామూలు వర్క్ పర్మిట్‌కి మారడం చట్టం దాదాపు మూసేసింది, 2023 మార్చి 29 కంటే ముందు వచ్చి అసైలం అప్లికేషన్ వెనక్కి తీసుకున్నవాళ్ళకి మాత్రం చిన్న సందు పెట్టారు. అలాంటివాళ్ళు గడువులోపల సొంతంగా వెళ్ళి, వెళ్ళినట్టు బోర్డర్ కాగితం ఇచ్చి, ఇంటి నుంచి వర్క్ వీసా వేసుకోవడం చాలాసార్లు శుభ్రమైన దారి. బలవంతంగా పంపిస్తే మాత్రం మళ్ళీ రావడానికి నిషేధం పడుతుంది, మామూలుగా అయిదేళ్ళ దాకా. సొంతంగా వెళ్ళేవాళ్ళకి ఐఓఎం (అంతర్జాతీయ వలసల సంస్థ) ద్వారా టికెట్ సాయం కూడా ఉంది, బెరాటుంగ్ సెంటర్‌లో అడగండి.

సలహాకి కరీటాస్, డియకోనీ, ఏడబ్ల్యూఓ లాంటి సేవా సంస్థలు, ప్రతి రాష్ట్రంలో ఉండే ఫ్లూష్ట్‌లింగ్స్‌రాట్ (శరణార్థుల తరఫున పనిచేసే సంఘం), యూనివర్సిటీల్లో రెఫ్యూజీ లా క్లినిక్‌లు, ఇవన్నీ ఉచితం. డబ్బుల్లేకపోతే మీ ఊరి ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో (స్థానిక కోర్టులో) బెరాటుంగ్స్ హిల్ఫె (న్యాయ సలహా సాయం) చీటీ అడగండి, అది చూపిస్తే లాయర్ మొదటి సలహాకి పదిహేను యూరోలు మాత్రమే తీసుకుంటాడు. హాంబర్గ్, బ్రెమెన్‌లలో ఈ చీటీ పద్ధతి లేదు, బదులుగా ప్రభుత్వ న్యాయ సలహా కేంద్రాలుంటాయి. వెళ్ళేటప్పుడు బెషైడ్, పసుపు కవర్, అన్ని పాత డుల్డుంగ్‌లు, అసైలం ఇంటర్వ్యూలో మీరు చెప్పింది రాసిన ప్రోటోకాల్ ఒకే ఫైల్లో తేదీల వరసలో పెట్టుకుని వెళ్ళండి. ఇవాళే మీ డుల్డుంగ్ తీసి డేట్ చూడండి, అందులోంచి ఎనిమిది వారాలు తీసేసి ఆ రోజుకి ఫోన్‌లో అలారం పెట్టండి.